కృషీవలుని నడుముబలము – పిలాటీసు వ్యాయామము

పొలములో తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు కష్టపడువానికి మరల వ్యాయామ మెందులకని మన గ్రామములలో ననేకులు ప్రశ్నింతురు. ప్రశ్న సహజమైనదే. కచ్చేరీలలో కుర్చీల మీద కూర్చుండువారికి వ్యాయామము కావలెను గాని, గడ్డపార పట్టి గుంట త్రవ్వువానికిని, బస్తాలెత్తువానికిని, రోజెల్ల వంగి కలుపు తీయు స్త్రీకిని అది వేరుగా నేల? అయినను నడుమునొప్పితో మంచము పట్టువారిలో కృషీవలులు కుర్చీవారికంటె తక్కువవారు కారు. 2020వ సంవత్సరమున ప్రపంచమున 61 కోట్ల 90 లక్షలమంది నడుమునొప్పితో బాధపడుచుండిరని లెక్క కట్టబడినది. బరువులెత్తుటయు, వంగి పనిచేయుటయు దీనికి ముఖ్యకారణములలోనివి. కష్టపడు దేహమే యిట్లేల చెడుచున్నదో, పిలాటీసు అను వ్యాయామపద్ధతి దానికెంతవరకు తోడ్పడునో మన సభ్యులు తెలిసికొనుట యవసరము.

నడుమునొప్పి రైతునకు దేహబాధ మాత్రమే కాదు. పంటబాధయు ఋణబాధయు నగును. వేరుశెనగ సంగతి చూడుడు. కాయ ముదిరిన పిదప నేలలో పదనున్నప్పుడే చెట్టు పెరుకవలెను. నేల గట్టిపడెనా, ఊడ తెగి కాయ మట్టిలోనే నిలిచిపోవును. వాన కురిసెనా, గుత్తిరకముల గింజ భూమిలోనే మొలకెత్తును. రైతునకు దొరకునది కొలదిదినముల గడువు మాత్రమే. జమ్మలమడుగు నల్లరేగడి భూములలో శెనగపంటయు, ప్రొద్దుటూరు చెంత కె.సి. కాలువ క్రింది వరియు, పులివెందుల యరటితోటలో పక్వమునకు వచ్చిన గెలయు నిట్లే యజమానుని నడుము బాగుపడువరకు కాచుకొని యుండవు. ఆ వారముననే నడుము పట్టుకొన్నచో, అధికమైన కూలి యిచ్చి మనుష్యులను పెట్టవలెను. సరకు సంతకు ఆలస్యముగా చేరును. సంఘమునకు కట్టవలసిన కిస్తు గడువు మాత్రము జరుగదు. కావున నడుముబలము వ్యవసాయపు పెట్టుబడిలోనిదే యని తలంపవలెను.

వెన్నును నిలుపునదేది?

మానవుని వెన్నునందు 33 పూసలు గలవు. వానిలో నడుమువద్ద నున్నవి 5. ఇవి యొకదానిపై నొకటి పేర్చినట్లుండి, నడుమ నడుమ మెత్తని బిళ్లలు గలిగియుండును. మొండెపు బరువును, తలమీది గంపను, చేతిలోని బస్తాను భరించి తుంటి యెముకకు అందించునవి యీ యైదు పూసలే. ఇవి యెంత గట్టివైనను తమంతట తాము నిలువజాలవు. మృతదేహమునుండి తీసిన నడుమువెన్నును, కండరములన్నియు తొలగించి ప్రయోగశాలయందు నిలిపి పరీక్షింపగా, సుమారు 9 కిలోల బరువునకే యది వంగి ఒరిగిపోయినది. మరి 50 కిలోల బస్తాను వీపున మోయు హమాలీ వెన్ను ఒరుగకుండుట కేమి కారణము? పందిరిగుంజను నలువైపులనుండి లాగి కట్టిన మోకులవలె, దానిచుట్టును కండరములు బిగిసియుండుటయే కారణము.

ఆ కండరములు నాలుగు గోడలుగా నున్నవి. ముందును ప్రక్కలను పొట్టకండరములు. వెనుక పూసలనంటి పెట్టుకొనియుండు చిన్న కండరములు. పైన ఊపిరితిత్తుల క్రింద గొడుగువలె పరచుకొన్న ఉదరవితానము. అడుగున మూత్రాశయమును, స్త్రీలకు గర్భాశయమును మోయు కటితలపు కండరములు. పొట్టకండరములు మరల నొక్కపొర కాదు. మల్లుల దేహములయందు పలకలు పలకలుగా కనబడు కండరము ముందున్నది మాత్రమే. ప్రక్కల ఏటవాలుగా రెండు పొరలున్నవి. వాని లోపల, వెన్నుప్రక్కనుండి బయలుదేరి బొడ్డుదిక్కునకు అడ్డముగా చుట్టివచ్చు పొర యొకటి కలదు. బరువుపనికి దిగునప్పుడు పైపంచెను నడుమునకు బిగించి కట్టుట మన పెద్దల వాడుక. ఈ లోపలి పొర ప్రకృతి కట్టిన దట్టీ. నడుము బిగించుట యను మన పలుకుబడికి శరీరశాస్త్రమునందే అర్థమున్నది.

ఈ నాలుగు గోడలు నొక్కసారి బిగిసినప్పుడు పొట్టలోపలి ఒత్తిడి పెరిగి వెన్నునకు ఊతమగును. ఎద్దులబండికి వేసిన రబ్బరుచక్రమును తలచుకొనుడు. గాలిలేని గొట్టము వేలితో నొక్కిన నణగును. గాలి నిండిన పిదప అదియే నిండుబండిని మోయును. రబ్బరు మారలేదు, లోపలి ఒత్తిడియే మారినది.

ఆస్ట్రేలియాదేశమునందలి క్వీన్సులాండు విశ్వవిద్యాలయమున హాడ్జెస్, రిచర్డ్‌సన్ అను పండితులు 1996లో నొక పరీక్షను ప్రకటించిరి. ఆరోగ్యవంతుడు చేయి పైకెత్తబోవునప్పుడు, చేయి కదలుటకు ముందే ఆ లోపలి అడ్డుపొర బిగియుచున్నదని వారు కనుగొనిరి. నడుమునొప్పి గలవారిలోనో, అది ఆలస్యముగా బిగియుచుండెను. అనగా బండి కదలిన తరువాత చీల పెట్టినట్లు. అటుపిమ్మట వచ్చిన శాస్త్రజ్ఞులు ఆ యొక్క పొరకే సర్వప్రాధాన్య మిచ్చుట సరికాదనియు, నాలుగు గోడలు నేకముగా పనిచేయుటయే ముఖ్యమనియు చెప్పిరి. రైతునకు కావలసినదియు నదే.

ఇక బరువులెక్క చూతము. గడ్డపార కొననుబట్టి రాతిని లేపుట మనకు తెలిసినదే. పిడి యెంత పొడుగైన బలమంత కలిసివచ్చును. వెన్నునందీ లెక్క తలక్రిందుగా జరుగును. వెనుకటి కండరములు వెన్నుమధ్యమునుండి సుమారు 5 సెంటీమీటర్ల దూరముననే పట్టుకొని లాగుచుండును. బస్తాను 40 సెంటీమీటర్ల దూరమున చేతులు చాచి యెత్తితిమేని, 50 కిలోల బస్తాకు ఆ కండరములు దాదాపు 400 కిలోల బలముతో లాగవలసివచ్చును. అదే బస్తాను పొట్టకానించి 20 సెంటీమీటర్ల దూరమునకు తెచ్చుకొన్నచో 200 కిలోలతో సరిపోవును. ఇందులో వంగిన దేహపుబరువు చేర్చలేదు. బస్తా తూకము మారకుండగనే నడుముమీది భారము సగమైనది! ఈ యొక్క సంగతి గుర్తుంచుకొని, ఈ వ్యాసమునందలి మిగిలినదంతయు మరచినను కొంతమేలు కలుగును.

పొలముపని యేల చాలదు?

పొలముపని కాళ్లకు, భుజములకు, వీపునకు బలము నిచ్చుననుట నిజము. కాని వంగి కలుపుతీయునప్పుడు గాని, వేరుశెనగ పెరుకునప్పుడు గాని భారమంతయు వీపుకండరములమీదను పూసలనడిమి బిళ్లలమీదను పడును. పొట్ట వదులై క్రిందికి వ్రేలాడుచుండును. ఏటేట వీపు గట్టిపడును, ముందరిగోడ మెత్తబడును. ఒకవైపున మోకు బిగించి, రెండవవైపున వదలిన గుంజ యెట్లుండును? అంతియేకాక పొలముపని యొకేవైపున సాగును. కుడిచేతివాడు పారను జీవితమంతయు కుడివైపుననే త్రిప్పును. మందు చల్లు డబ్బా పట్టీ యెప్పుడు నొకే భుజమున బిగువుగా నుండును.

ఇంకొక మార్పు మనవారు గమనింపదగినది. కపిల తోలినకాలమున రైతు రోజెల్ల కొంచెము కొంచెముగా దేహమునంతయు వాడెడివాడు. ఇప్పుడు బోరుమోటారు మీట నొక్కిన నీరు వచ్చుచున్నది. దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది. పొలమునకు మోటారుసైకిలుమీద పోవుచున్నాడు. ఇందు తప్పేమియు లేదు. కష్టము తగ్గుట మంచిదే. కాని పదినెలలు తేలికగా గడచిన దేహము, పంట చేతికివచ్చిన వారమున నొక్కుమ్మడిగా బస్తాలెత్తవలసివచ్చును. నెలలతరబడి కట్టివేసిన యెద్దును తెచ్చి బండలాగుడు పందెమున కాడికి కట్టు రైతు మన ప్రాంతమున నొక్కడును లేడు. ఎద్దునకు మేపులోను, నడకలోను, లాగుడులోను నెలలముందు సాధన చేయించును. తనకు మాత్రము చేయించుకొనడు.

పిలాటీసు అను పేరెట్లు వచ్చినది?

ఇది యొక మనుష్యుని పేరు. జోసఫ్ పిలాటీసు 1883లో జర్మనీదేశపు మ్యోంషెన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణమున జన్మించెను. బాల్యమున రోగపీడితుడై, ఆ బలహీనతను పోగొట్టుకొనుటకే వ్యాయామవిద్య నభ్యసించెనని చెప్పుదురు. తరువాత ఇంగ్లండునకు పోయియుండగా 1914లో మొదటి ప్రపంచయుద్ధ మారంభమైనది. శత్రుదేశస్థుడగుటచే నాతనిని నిర్బంధించి, ఐరిష్ సముద్రమునందలి మాన్ ద్వీపములో నుంచిరి. అచ్చట తోటి నిర్బంధితులచే నాతడు నేలమీద చేయు వ్యాయామములు చేయించెను. మంచముల స్ప్రింగులను ఉపయోగించి రోగులచే కాలుసేతులు కదలింపజేసెననియు నొక కథ వాడుకలో నున్నది. 1920 తరువాతి దశాబ్దమున అమెరికా చేరి, న్యూయార్కు నగరమున భార్య క్లారాతో కూడ వ్యాయామశాల నడపెను. నాట్యము చేయువారు, దెబ్బలు తగిలి నడుము చెడినవారు ఆయనయొద్దకు విరివిగా వచ్చిరి. 1945లో ప్రకటించిన గ్రంథమునందు 34 వ్యాయామములను బొమ్మలతో వివరించెను. తన పద్ధతికి ఆయన పెట్టిన పేరు కంట్రాలజీ. దేహమును మనస్సుయొక్క అదుపులో నుంచు విద్యయని భావము. 1967లో ఆయన మరణించిన పిమ్మట లోకము దానికి ఆయన పేరే నిలిపినది.

ఆయన బోధనలోని సారము చిన్నది. ఏ కదలికయైనను పొట్టయొక్క కట్టుబాటునుండి ప్రారంభము కావలెను. ఊపిరి కదలికతో జతకూడవలెను. వేగముకంటె శ్రద్ధ ముఖ్యము. నూరుసార్లు అజాగ్రత్తగా చేయుటకంటె అయిదుసార్లు సరిగా చేయుట మేలు.

ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. మన తాలింఖానాలలో తీయు దండీలను చూడుడు. దండీ మధ్యలో చేతులమీదను కాలివ్రేళ్లమీదను దేహము పలకవలె నిలుచు స్థితియే నేడు పట్టణములలో ప్లాంకు అను పేర నేర్పుచున్న వ్యాయామము. మహారాష్ట్రమున కువలయానందస్వామి 1924లో లోణావళయందు కైవల్యధామమును స్థాపించి, ఉడ్డియానము, నౌళి మొదలగు పొట్టక్రియలను యంత్రములతో పరీక్షించెను. వీరఘట్టమున పుట్టి 1942లో కీర్తిశేషుడైన కోడి రామమూర్తినాయుడు ఊపిరి బిగించి రొమ్మునకు చుట్టిన యినుపగొలుసును తెంపెడివాడని ప్రసిద్ధి. గుండెత్తుట మన రాయలసీమ గ్రామములలో యువకుల పౌరుషమునకు పరీక్షగా నుండినది. అయితే యివన్నియు నప్పటికే బలముగలవాని విద్యలు. నలువది యేండ్లు దాటి, ఒకసారి నడుము పట్టుకొని, మరల వంగుటకు భయపడుచున్న రైతును గుండెత్తుమనుట అవివేకము. పిలాటీసు పద్ధతి బలహీనుడు పండుకొనియే మొదలిడదగినది. దానియందలి విశేషమిదే. పట్టణపు శాలలలోని స్ప్రింగులబల్లలు మిక్కిలి వెలగలవి. వానితో మనకు పనిలేదు. చాప యొకటి, పావుగంట తీరుబడి చాలును.

చేయు విధము

నిద్రలేచిన వెంటనే చేయరాదు. రాత్రి పండుకొనియున్నప్పుడు పూసలనడిమి బిళ్లలు నీరు పీల్చుకొని ఉబ్బును. ప్రొద్దున మనిషి పొడవు సాయంకాలముకంటె ఒక సెంటీమీటరునకు పైగా నెక్కువగా నుండును. ఉబ్బిన బిళ్ల వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడికి లోనగును. లేచిన తరువాత ప్రొద్దుటివేళ వంగుట తగ్గించుకొన్నవారికి నడుమునొప్పి తగ్గినదని అమెరికాలో 1998లో ప్రకటింపబడిన పరీక్ష తెలుపుచున్నది. కావున పాలు పితికి, పశువులకు మేత వేసి, కొంత నడచిన పిదప గాని, సాయంకాలము భోజనమునకు ముందుగాని చేయవలెను. నేలమీద చాప పరచి, వదులుబట్టలతో నుండవలెను.

మొదట ఊపిరి నేర్వవలెను. వెల్లకిల పండుకొని మోకాళ్లు ముడిచి పాదములు నేల కానించుడు. ఒకచేయి బొడ్డుక్రింద నుంచుడు. ముక్కుతో గాలి పీల్చునప్పుడు డొక్కలు ప్రక్కలకు విప్పుకొనవలెను. పొయ్యిని ఊదుగొట్టముతో ఊదినట్లు నోటితో మెల్లగా గాలి వదలుచు, పొత్తికడుపును వెన్నుదిక్కునకు నెమ్మదిగా లాగుడు. అదే సమయమున మూత్రము ఆపుకొనునట్లు అడుగుగోడను పైకి బిగింపుడు. పూర్తిబలముతో బిగింప నక్కరలేదు. దగ్గునప్పుడు కలుగు బిగువులో సగము చాలును. చేతిక్రింద పొత్తికడుపు మెల్లగా గట్టిపడుట తెలియును. ఇట్లు పదిసార్లు. మొదటివారమంతయు నిదియొక్కటే చేసినను నష్టములేదు. తొందరపడి దీనిని దాటిపోవువారే తరువాత వ్యాయామముచేత ఫలము లేదందురు.

రెండవవారమున అదే స్థితిలో నుండి, గాలి వదలుచు పొట్ట బిగించి, పిరుదులను నేలనుండి లేపుడు. మోకాలినుండి భుజమువరకు నొక్క తిన్నని వాలుగా నిలిచి, ఊపిరి పీల్చి, మరల గాలి వదలుచు పూస వెంట పూసగా నేలకు దింపుడు. ఎనిమిదిసార్లు చాలును. దీనిచే పిరుదులకండరములు బలపడును. బస్తా యెత్తవలసినవి నిజమునకు అవే. అవి సోమరులైనప్పుడే నడుము వాని పనిని నెత్తిన వేసికొనును.

పిదప, వెల్లకిలనే యుండి రెండు మోకాళ్లను పొట్టపైకి తెచ్చి, పిక్కలను నేలకు సమముగా నుంచుడు. పొట్ట బిగువు సడలకుండ నొక్కకాలి మడమను నేలకు తాకించి పైకి తీసికొనుడు, తరువాత రెండవకాలు. నడుము నేలనుండి విల్లువలె లేచెనా, బిగువు సడలినదని గ్రహించి కాలిని నేలవరకు దింపక సగములోనే ఆపవలెను. పిలాటీసు మహాశయుడు తన గ్రంథమున మొదటిదిగా పెట్టిన నూరు అను వ్యాయామము దీనికి తోబుట్టువు: కాళ్లు పైకెత్తి, చేతులను ప్రక్కల నాడించుచు, అయిదులెక్కలు గాలి పీల్చి, అయిదులెక్కలు వదలి, పదిసార్లు చేసిన నూరగును. మొదట తల నేలకానించి, కాళ్లు ముడిచియే చేయుట మంచిది.

నాలుగుకాళ్ల వ్యాయామము మన రైతులకు మిక్కిలి తగినది. ఎద్దువలె అరచేతులమీదను మోకాళ్లమీదను నిలిచి, వీపును బల్లవలె సమముగా నుంచి, కుడిచేతిని ముందునకును ఎడమకాలిని వెనుకకును చాపి, పదిలెక్కలు నిలుపుడు. తరువాత ఎడమచేయి, కుడికాలు. వీపుమీద నీళ్లచెంబు పెట్టినచో ఒలుకరాదు. ఇంటిలోని పిల్లలచేత నిజముగనే చెంబు పెట్టించి చూచినచో వారికి వినోదము, మనకు పరీక్షయు నగును. కెనడాదేశమున వెన్నుబలమును దీర్ఘకాలము పరిశోధించిన మెక్‌గిల్ అను నాచార్యుడు నడుమునొప్పి గలవారికి చెప్పు మూడు ముఖ్యవ్యాయామములలో నిదియొకటి.

కడపట పలక. బోర్ల పండుకొని మోచేతులమీదను కాలివ్రేళ్లమీదను దేహమును లేపి తిన్నగా నుంచుడు. చేతగానివారు వ్రేళ్లకు బదులుగా మోకాళ్లానించి చేయవచ్చును. పదిలెక్కలు నిలిచి దించి, ఊపిరి తీసికొని, మరల నైదారుసార్లు. ఒక్కపట్టున రెండునిముషములు నిలుతునని పందెములు వేయుట యువకుల వేడుక. నడుమునకు దానివలన నదనపు ప్రయోజన మంతగా లేదు. ప్రక్కకు తిరిగి యొక్క మోచేతిమీద నిలుచుటయు నభ్యసించినచో, ఒకవైపు పనిచేత కలిగిన హెచ్చుతగ్గులు సర్దుకొనును.

పాదములను మరొకరు పట్టుకొనగా గబగబ లేచి కూర్చుండు వ్యాయామమును పాఠశాలలలో మనలో ననేకులు చేసియుందురు. నడుమునొప్పి గలవారు దానిని చేయరాదు. అందు పొట్టకంటె తొడమూలపు కండరములే ఎక్కువగా లాగును. వంగిన ప్రతిసారి నడుముబిళ్లలు నలుగును.

వారమునకు నాలుగుదినములు, దినమునకు పావుగంట. ఆరునుండి ఎనిమిది వారములు గడచినపిదప మార్పు తెలియును. అంతకుముందే ఫలము చెప్పువారిని నమ్మవలదు.

దీనివలన బొజ్జ కరగునా యని యనేకు లడుగుదురు. కరగదు. క్రొవ్వు ఏ భాగపు వ్యాయామముచేత ఆ భాగముననే తగ్గునది కాదు. తిండిని, మొత్తము శ్రమను బట్టి దేహమంతట తగ్గును. బొజ్జ క్రింద కండరము గట్టిపడుట మాత్రము నిజము. అట్లే పిలాటీసు సర్వరోగనివారిణియును కాదు. 2015లో కోక్రేన్ సంస్థవారు 510 మందిపై జరిగిన 10 పరీక్షలను కలిపి చూచి, ఊరకుండుటకంటె పిలాటీసు చేయుటవలన నడుమునొప్పి తగ్గుననియు, ఇతర వ్యాయామములకంటె నిది మేలైనదనుటకు తగిన యాధారము లేదనియు తేల్చిరి. సూర్యనమస్కారములు గాని, దండీలు గాని క్రమముగా చేయుచు నడుము బాగున్నవారు వానిని వదలి దీనిని పట్టుకొన నక్కరలేదు. ఏదియు చేయనివారికి, చేయుటకు భయపడువారికి ఇది తగిన తెరవు.

పనిలో వాడుకొనుట

చాపమీద నేర్చినది చేనిలో వాడనిచో నది చాపమీదనే నిలిచిపోవును. బస్తా యెత్తునప్పుడు పాదములు భుజములంత యెడముగా నుంచి, బస్తాను దేహమున కానించుకొని, మోకాళ్లు, తుంటి వంచి, పొట్ట బిగించి, గాలి వదలుచు లేవవలెను. ఎత్తిన పిదప నడుము మెలిత్రిప్పి విసరరాదు; పాదములతో తిరుగవలెను. ఊపిరి పూర్తిగా బిగబట్టి యెత్తుట మల్లుల విధానము. దానిచే రక్తపుపోటు ఒక్కసారిగా పెరుగును గనుక పోటుజబ్బు గలవారు అట్లు చేయరాదు.

అంతర్జాతీయ కార్మికసంస్థ 1967లో పురుషుడొక్కడు చేతులతో మోయు బరువు 55 కిలోలను మించరాదని సిఫారసు చేసినది. మనము వడ్లను 75 కిలోల బస్తాగా లెక్కించు వాడుక నడుమును చూచి యేర్పడినది కాదు. అంతటి బస్తాను ఇరువురు పట్టుకొని లేపుటలో చిన్నతనమేమియు లేదు. మందు చల్లు డబ్బా 16 లీటర్లదైనచో నిండిన పిదప డబ్బాతో కూడ దాదాపు 20 కిలోలగును. దానిని నేలనుండి వంగి వీపునకెత్తుకొనుటకంటె, గట్టుమీదనో బండిమీదనో పెట్టి పట్టీలలో భుజములు దూర్చుకొనుట మేలు. చీనీకాయల బుట్టలను చెట్టు మొదట నింపి నిండిన పిదప లాగుటకంటె, రెండు సగముబుట్టలుగా మోయుట నడుమునకు హితము. కలుపుతీయువారు అరగంటకొకసారి లేచి, చేతులు నడుముపై నుంచి, నాలుగైదుసార్లు వెనుకకు వాలినచో బిళ్లలమీది ఒత్తిడి సర్దుకొనును. మేస్త్రీలు దీనిని సోమరితనముగా నెంచరాదు.

స్త్రీలసంగతి వేరుగా చెప్పవలెను. కాన్పునందు ముందరి పొట్టకండరములు రెండుగా ఎడబాసి, అడుగుగోడ సాగిపోవును. అనేకులకు అవి తమంతట దగ్గరపడవు. దగ్గినను, గంప యెత్తినను మూత్రము జారుట దీని ఫలమే. సిగ్గుచే నెవరికిని చెప్పక యేండ్లతరబడి సహించువారు గలరు. ఆరువారములు గడచి వైద్యురాలు సరేయన్న పిదప, పైనచెప్పిన ఊపిరి వ్యాయామముతో మెల్లగా ప్రారంభించినచో చాలమందికి గుణమిచ్చును. అంతవరకు నిండుబిందెలు, గంపలు ఎత్తనీయకుండుట ఇంటివారి పని.

ఎవరు ముందుగా వైద్యుని చూడవలెననగా: గజ్జలో గాని బొడ్డువద్ద గాని హెర్నియా యుబ్బు గలవారు, గర్భిణులు, ఎముకలు పెళుసైన వృద్ధులు, ఇటీవల పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారు. నొప్పి కాలిలోనికి దిగి పాదము తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రము గాని మలము గాని అదుపు తప్పినను, జ్వరముతో కూడిన నడుమునొప్పి వచ్చినను వ్యాయామము మాటయే తలపెట్టరాదు. పట్టీలు, పసరులు, నడుము త్రొక్కించుటలతో దినములు గడపక వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. మూత్రము బంధించినచో గంటలు కూడ విలువైనవే.

ఆరంభించుటకు అనువైన కాలము పనులు తక్కువగా నున్న వేసవి. ఏప్రిల్, మే మాసములలో మొదలిడినవానికి జూను, జూలైలలో వేరుశెనగ విత్తునాటికి ఎనిమిదివారములు నిండును. శెనగరైతులకు వినాయకచవితి మొదలు విత్తనపుకాలమువరకు కొంత వ్యవధి దొరకును. ఒంటరిగా చేయువారు రెండవవారముననే మానుదురు గనుక, అయిదారుగురు కలిసి చేయుట మంచిది. సంఘపు గిడ్డంగి ఖాళీగా నుండు మాసములలో దాని అరుగుమీద సాయంకాలములందు చాపలు పరచుకొనుటకు పాలకవర్గమువా రనుమతింపవచ్చును. స్త్రీలకు వేరొక వేళ నేర్పరుపవలెను. మొదటి రెండుమూడు దినములు వ్యాయామచికిత్స తెలిసిన ఫిజియోథెరపిస్టు నొకరిని పట్టణమునుండి పిలిపించి, ఒక్కొక్కరి నడుము నేలమీద నెట్లుండవలెనో చూపించినచో, ఆ ఖర్చు పదిమంది పంచుకొన్న నొక దినపు కూలికి మించదు.